వాంగ్మూలం కాని కళ

లింగ పరివర్తన చేయించుకున్న మనిషి తన కథను ఎన్ని గడపల దగ్గర చెప్పుకోవాలో చూస్తే ఇక్కడ కళ ప్రసక్తి ఎందుకొస్తుందో తెలుస్తుంది. మొదట సైకియాట్రిస్టు. ఆయనకు నమ్మకం కుదిరి కాగితం రాసిస్తేనే హార్మోన్లు మొదలవుతాయి. తర్వాత సర్జన్. ఆ తర్వాత కలెక్టరాఫీసు. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం ప్రకారం గుర్తింపు పత్రం ఇవ్వాల్సింది జిల్లా మేజిస్ట్రేటు. దాన్ని స్త్రీ అనో పురుషుడు అనో మార్పించుకోవాలంటే శస్త్రచికిత్స జరిగినట్టు ఆస్పత్రి నుంచి పత్రం తెచ్చి మళ్లీ అక్కడికే వెళ్లాలి. ఆధార్ కేంద్రం, బ్యాంకు, పాత పేరుతో డిగ్రీ పట్టా ఇచ్చిన కాలేజీ, అద్దె ఇల్లు చూపించే ఓనరు, పెళ్లిలో ఎదురుపడ్డ మేనత్త, ఇంటర్వ్యూకి పిలిచిన యూట్యూబ్ యాంకరు, అందరూ అడిగేది దాదాపు ఒకటే: ఎప్పుడు తెలిసింది, ఏం చేయించుకున్నావు, ఇప్పుడెలా ఉంది. అడిగేవాళ్లలో మంచివాళ్లూ ఉంటారు. కానీ ఎవరడిగినా వాళ్లు నమ్మేలా చెప్పాలి, నమ్మకపోతే పని జరగదు. కోర్టులో సాక్షి ఇచ్చే వాంగ్మూలం లక్షణాలన్నీ ఈ చెప్పుకోవడంలో ఉన్నాయి. ప్రశ్న ఎదుటివాళ్లది, తీర్పూ ఎదుటివాళ్లదే, జీవితం మాత్రం తనది.

ఇలాంటి మనిషి కుంచె పట్టినా, కలం పట్టినా, రంగస్థలమెక్కినా ఆ పని మనసుకు మందవుతుందన్న మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది. స్వచ్ఛంద సంస్థలు వర్క్‌షాపులు పెడుతున్నాయి, గ్యాలరీలు ప్రదర్శనలు ఏర్పాటు చేస్తున్నాయి, ఆత్మకథలు అనువాదమవుతున్నాయి. ఎందుకు మందవుతుందని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు, లోపల కుక్కుకున్న బాధ బయటికొస్తే గుండె బరువు తగ్గుతుందని. ఈ జవాబు సగమే నిజమనీ, సగం నిజాన్ని పూర్తి నిజమనుకుని నడిస్తే మేలు చేయబోయి కీడు చేసేస్తామనీ నా వాదన. పరివర్తన తర్వాత కళ మనిషిని నిలబెట్టిన సందర్భాలను దగ్గరగా చూస్తే, ఏది చెప్పాలి, ఎంత దాచుకోవాలి, ఎవరి ముందు చెప్పాలి అన్న నిర్ణయం ఆ మనిషి చేతికి రావడం కనిపిస్తుంది. ఆ నిర్ణయం చేతిలో లేనప్పుడు రంగులిచ్చినా, మైకిచ్చినా మరో వాంగ్మూలం తీసుకున్నట్టే.

పరివర్తన అయ్యాక కూడా బాధ ఉందంటే అసలు పరివర్తనే పొరపాటు కాదా అని అడిగేవాళ్లున్నారు. ముందు దీనికి జవాబు చెప్పాలి. ఈ వాదన చేసేవాళ్లు తరచూ చూపేది 2011లో స్వీడన్‌లో వెలువడిన అధ్యయనం. 1973కీ 2003కీ మధ్య శస్త్రచికిత్స చేయించుకున్న 324 మందిని పరిశీలిస్తే, సాధారణ జనాభాతో పోల్చినప్పుడు వాళ్లలో మరణాలూ ఆత్మహత్యాయత్నాలూ ఎక్కువగా ఉన్నాయి. అయితే ఆ పోలిక సాధారణ జనంతోనే తప్ప, చికిత్స అందని ట్రాన్స్ వ్యక్తులతో కాదు. చికిత్స పనికిరాదని తమ ఫలితాలకు అర్థం తీయవద్దని ఆ పరిశోధకులే రాశారు. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 1991 నుంచి 2017 దాకా వచ్చిన 55 అధ్యయనాలను కలిపి చూస్తే 51 అధ్యయనాలు పరివర్తన వల్ల జీవితం మెరుగైందనే చెప్పాయి. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. చికిత్స శరీరానికీ మనసుకూ పొత్తు కుదురుస్తుంది. వీధితో, ఇంటితో, ఉద్యోగమిచ్చేవాడితో పొత్తు కుదర్చడం దాని వల్ల అయ్యే పని కాదు. ఇలాన్ మేయర్ 2003లో వివరించిన మైనారిటీ ఒత్తిడి సిద్ధాంతం చెప్పేదీ ఇదే: అవమానం జరగడం ఒక గాయం, ఎప్పుడు జరుగుతుందోనని కాచుకుని బతకడం ఇంకొకటి, దాచుకోవడం మరొకటి, చివరికి జనం తిట్టిన తిట్టే నిజమేమోనని తనకే అనిపించడం అన్నిటికంటే లోతైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమలు చేస్తున్న వ్యాధుల వర్గీకరణలో లింగ అసంగతిని మానసిక వ్యాధుల అధ్యాయం నుంచి తీసేసింది. కాబట్టి ఇక్కడ కళకు నయం చేయాల్సిన జబ్బంటూ గుర్తింపులో ఏమీ లేదు. ఆ గుర్తింపు ఉన్నందుకు మనిషి మీద జరిగినవాటితో ఎలా బతకాలన్నదే దాని ముందున్న పని.

కళ ఆరోగ్యానికి పనికొస్తుందన్నదానికి ఆధారాలు లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో మూడు వేలకు పైగా అధ్యయనాలను పరిశీలించి కళలకు వ్యాధి నివారణలోనూ చికిత్సలోనూ పాత్ర ఉందని నివేదిక ఇచ్చింది. 2016లో గిరిజా కైమల్ బృందం 39 మంది చేత 45 నిమిషాలు బొమ్మలు వేయించి, మట్టి పిసికించి, ముందూ వెనకా లాలాజలం పరీక్షిస్తే దాదాపు ముప్పావు వంతు మందిలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. రాయడం మీద పరిశోధన ఇంకా పాతది. 1986లో జేమ్స్ పెన్నిబేకర్ విద్యార్థుల చేత నాలుగు రోజులు, రోజుకు పావుగంట, తమ జీవితంలోని అతి పెద్ద గాయం గురించి రాయించాడు. తర్వాతి నెలల్లో వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది, కానీ రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు మరింత దిగాలుపడింది, రక్తపోటు పెరిగింది. అప్పటి నుంచి జరిగిన 146 ప్రయోగాలను 2006లో ఒకచోట కూర్చి చూస్తే ప్రయోజనం ఉంది, అయితే చాలా చిన్నది. స్వలింగ సంపర్కులైన 77 మంది విద్యార్థుల చేత 2010లో ఇలాగే రాయిస్తే మూడు నెలల తర్వాత వాళ్లు తమ గురించి ఇతరులతో దాపరికం లేకుండా ఉండగలగడం కొంత పెరిగింది. ఈ పద్ధతిలో గమనించాల్సిన విషయం, రాసింది తెలిసినవాళ్లెవరికీ చూపించక్కర్లేదు. అక్షరదోషాలు దిద్దేవాళ్లు లేరు, బాగుందనేవాళ్లు లేరు, జాలిపడేవాళ్లూ లేరు.

దీనికి ఎదురుగా పెట్టాల్సిన ఆధారం ఇంకొకటుంది. ప్రమాదమో దాడో జరిగిన కొద్దిరోజుల్లోనే బాధితులను కూర్చోబెట్టి, జరిగిందంతా ఒకే విడతలో చెప్పించే డీబ్రీఫింగ్ పద్ధతి ఒకప్పుడు ప్రపంచమంతా పాకింది. లోపలున్నది బయటికి రావాలన్న నమ్మకమే దానికి పునాది. 2002లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష ఆ ప్రయోగాలన్నిటినీ తూచి, దానివల్ల మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదని తేల్చింది. కాలిన గాయాలైనవాళ్ల మీద జరిగిన ఒక ప్రయోగంలో ఏడాది గడిచాక చూస్తే, అలా చెప్పించుకున్నవాళ్ల మనసే ఎక్కువ దెబ్బతిని ఉంది. అంటే గాయం గురించి మాట్లాడటం దానంతటదే మందు కాదు. ఎప్పుడు, ఎంత, ఎవరి ఒత్తిడి మీద అన్నవాటిని బట్టి అదే మందు విషమూ కావచ్చు. ట్రాన్స్ వ్యక్తులతో జరిగిన ఆర్ట్ థెరపీ అధ్యయనాలు ఎక్కువగా చిన్న బృందాలవి, ఒక్కొక్కరి అనుభవాన్ని వివరించేవి. అందుకే గణాంకాల పక్కన కృతులనూ జీవితాలనూ పెట్టి చూడక తప్పదు. ఇవి రుజువులు కాకపోవచ్చు. అంకెలు చూపించలేని తేడాను మాత్రం ఇవే చూపిస్తాయి.

వైద్యుడి ముందు చెప్పే కథ ఎలా తయారవుతుందో మొదట నిక్కచ్చిగా రాసినవాళ్లలో శాండీ స్టోన్ ఒకరు. 1987లో రాసి 1991లో అచ్చయిన ఆమె వ్యాసం అమెరికా క్లినిక్‌ల గుట్టు విప్పింది. హ్యారీ బెంజమిన్ అనే వైద్యుడు 1966లో రాసిన గ్రంథంలోని లక్షణాలను చదువుకుని వచ్చి, అభ్యర్థులు వాటినే అప్పజెప్పేవారు. అందరి చరిత్రలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఎందుకున్నాయో డాక్టర్లకు తట్టడానికి చాలా కాలం పట్టింది. చికిత్స కావాలంటే ఆ కథే చెప్పాలి: పుట్టినప్పటి నుంచీ తప్పుడు శరీరం, ఒక ఆపరేషన్, ఆ మర్నాటి నుంచి సంపూర్ణ స్త్రీ. అటూ ఇటూ కాని ఏళ్లకు, సందేహాలకు, పాత జీవితంలోని సంతోషాలకు అందులో చోటు లేదు. అలా వదిలేసినవన్నీ ఎక్కడికీ పోవు. పరివర్తన తర్వాత మనసును కలవరపెట్టేది చాలాసార్లు హింస జ్ఞాపకం ఒక్కటే కాదు. అబ్బాయిగా గెలిచిన పరుగుపందెం, అమ్మాయిగా చెల్లెలికి వేసిన జడ, ఇవి ఎవరివి, ఇప్పుడెక్కడ దాచుకోవాలి అన్న ప్రశ్న కూడా. కాగితాల్లో పాత పేరు కొట్టేసినంత తేలిగ్గా దీనికి జవాబు దొరకదు. కథలో, నాటకంలో, బొమ్మలో మాత్రమే పాతదీ కొత్తదీ పక్కపక్కన నిలబడగలవు, ఎవరూ వచ్చి ఏదో ఒకటి తేల్చుకొమ్మని అడగరు.

ఎ. రేవతి ఆత్మకథ గొప్పతనం నాకు అక్కడే కనిపిస్తుంది. నామక్కల్ ప్రాంతంలో పుట్టిన రేవతి మొదట తన కథ రాయలేదు. తమిళనాడులో హిజ్రాల దగ్గరికి వెళ్లి వాళ్ల జీవితాలను సేకరించి 2004లో 'ఉణర్వుమ్ ఉరువముమ్' అన్న పుస్తకం తెచ్చింది. అడిగే కుర్చీలో కూర్చున్న తర్వాతే చెప్పే కుర్చీలోకి వచ్చిందన్నమాట. 2010లో వి. గీత ఇంగ్లీషు అనువాదంలో ఆమె ఆత్మకథ వెలువడింది, తమిళ పుస్తకం ఆ తర్వాత వచ్చింది. దాన్ని పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులోకి తెస్తే 2019 సంవత్సరానికి సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం దక్కింది. ఆ పుస్తకంలో నిర్వాణం, అంటే ఆపరేషన్, ముగింపు కాదు. దాని తర్వాత ఇంటికి తిరిగి రావడం ఉంది, ఆస్తి తగాదాలున్నాయి, పోలీసుల వేధింపులున్నాయి, బెంగళూరులో సంస్థ ఉద్యోగం ఉంది, పెళ్లి ఉంది, విడిపోవడం ఉంది. క్లినిక్ కథ ఎక్కడ ఆగుతుందో రేవతి కథ అక్కడి నుంచి చాలా దూరం నడుస్తుంది. హిజ్రా జమాత్‌లోని ఆత్మీయతతో పాటు అక్కడి కట్టుబాట్ల కాఠిన్యాన్నీ ఆమె దాచలేదు. పాఠకుడి మెప్పు కోసం తనవాళ్లను దేవతలుగానో బాధితులుగానో మార్చలేదు. ఆ నిర్ణయాలన్నీ తను తీసుకున్నవి.

అదే జీవితాన్ని ఆమె తర్వాత అ. మంగై దర్శకత్వంలో 'వెళ్లై మొళి' అన్న ఏకపాత్ర ప్రదర్శనగా రంగస్థలం మీదికి తెచ్చింది. ఇక్కడొక అభ్యంతరం రావడం సహజం. ఊరూరా, రాత్రి రాత్రికీ అదే గాయాన్ని జనం ముందు మళ్లీ మళ్లీ తెరవడం డీబ్రీఫింగ్ కంటే ఘోరం కదా? కావచ్చు, రిహార్సల్ అనేది లేకపోతే. నాటకం ఎలా తయారవుతుందో చూసినవాళ్లకు తేడా తెలుస్తుంది. ఒక వాక్యం దగ్గర గొంతు పూడుకుపోతే దర్శకురాలు ఆపుతుంది. అక్కడ మాట తీసేసి మౌనం పెడతారు. మౌనం ఎక్కువైందనిపిస్తే ఒక అడుగు పక్కకు వేయిస్తారు. వెలుగు ముఖం మీద పడాలా, చేతుల మీదా అని వాదించుకుంటారు. పదోసారి చేసేసరికి ఆ మాట నటి ఊపిరి లెక్కలో ఒదిగిపోతుంది, ఎక్కడ ఏడుపొస్తుందో కాక ఎక్కడ ఏడవాలో ఆమెకు తెలుస్తుంది. గాయం తనను ఆడించడం మానేసి తను గాయాన్ని ఆడించడం మొదలవుతుంది. ఇది బాధ కక్కేయడం కంటే చాలా వేరైన పని, చాలా శ్రమతో కూడిన పని. ట్రాన్స్ కళాకారులు లివింగ్ స్మైల్ విద్య, ఏంజెల్ గ్లాడీ, గీ ఇమాన్ సెమ్మలర్ కలిసి 2014లో చెన్నైలో పన్మై థియేటర్ పెట్టి 'కలర్ ఆఫ్ ట్రాన్స్' నాటకం ఆడినప్పుడు చేసింది ఇదే. ఆ విద్యే చార్లెస్ వాలెస్ స్కాలర్‌షిప్‌తో లండన్ వెళ్లి విదూషక కళ నేర్చుకుంది. వీధిలో తన నడకను చూసి నవ్విన జనాన్ని తను అనుకున్న చోట, తను అనుకున్నందుకు నవ్వించగలగడం, దానికి చికిత్స అని పేరు పెట్టకపోయినా, మనసుకు చేసే మేలు చిన్నది కాదు.

దాచుకునే అధికారం ఎంత దూరం పోగలదో కెనడా కళాకారులు కాసిల్స్ 2012లో మొదలుపెట్టిన 'బికమింగ్ యాన్ ఇమేజ్' చూపించింది. గది నిండా కటిక చీకటి. మధ్యలో సుమారు తొమ్మిది వందల కిలోల మట్టి దిమ్మె. కాసిల్స్ దాన్ని పిడికిళ్లతో, మోకాళ్లతో, ఒంటి బరువంతా వేసి కొడుతుంటే ప్రేక్షకులకు శబ్దం, ఊపిరి, మట్టి చిట్లే చప్పుడు మాత్రమే అందుతాయి. అప్పుడప్పుడూ ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ వెలుగుతుంది, అదీ చీకట్లో గుడ్డిగా తీసేదే. ఆ క్షణంలో కనబడిన శరీరం చూసేవాళ్ల కంటి వెనక కాసేపు మిగిలి మాసిపోతుంది. ట్రాన్స్ శరీరాన్ని చూడాలని జనానికి ఉండే ఆరాటం, ఆపరేషన్ ఎలా జరిగింది, ఎక్కడ జరిగింది అన్న తహతహ, ఆ గదిలో ఆకలి తీరకుండానే మిగిలిపోతుంది. హింస ఎంత జరిగిందో మట్టి మీద ముద్రలు చెబుతాయి. ఎవరి మీద జరిగిందో చూపించాల్సిన పని లేదు.

శరీరమే వాయిద్యమైన కళల్లో సమస్య మరోలా ఉంటుంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. టెస్టోస్టెరాన్ మొదలుపెట్టిన ట్రాన్స్ పురుషుడికి స్వరతంత్రులు మందమై గొంతు దిగుతుంది, ఆ మార్పు వెనక్కి రాదు. ఈస్ట్రోజెన్ తీసుకునే ట్రాన్స్ మహిళకు గొంతు మారదు, సాధనతోనో శస్త్రచికిత్సతోనో మార్చుకోవాల్సిందే. మన కచేరీల్లో మగ గొంతు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో, ఆడ గొంతు అయిదు, అయిదున్నర శ్రుతిలో పాడటం మామూలు. చిన్నప్పటి నుంచి అయిదు శ్రుతిలో వర్ణాలు సాధన చేసినవాడు పరివర్తన తర్వాత తంబురా శ్రుతే మార్చుకోవాలి. కోరుకున్న గొంతు వచ్చినందుకు సంతోషం, తారస్థాయిలో తిరిగే ఆ పాత గొంతు పోయినందుకు దుఃఖం, రెండూ ఒకేసారి ఉంటాయి. ఈ దుఃఖాన్ని పశ్చాత్తాపమని పొరబడకూడదు. పోయినదాన్ని పోయిందని ఒప్పుకునే చోటు ఎంత ఆత్మీయమైన కౌన్సెలింగ్‌లోనూ చాలాసార్లు దొరకదు, ఎందుకంటే బాధపడ్డాడని రాసుకుంటే తర్వాతి చికిత్స ఆగిపోతుందేమోనన్న భయం రోగికి ఉంటుంది. కొత్త శ్రుతిలో సరళీ స్వరాలు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడంలో ఆ ఒప్పుకోలు ఉంది, దాన్ని దాటడమూ ఉంది.

వారసత్వంగా కళ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ కూడా తేడా ఉంది. బళ్లారి ప్రాంతపు మంజమ్మ జోగతి ఎల్లమ్మకు అంకితమై జోగతి నృత్యం నేర్చుకుంది. తల మీద అమ్మవారి బిందె నిలుపుకుని, చేతులు పట్టకుండా, వంగి లేచి ఆడే ఆట అది. 2019లో కర్ణాటక జానపద అకాడెమీ అధ్యక్షురాలైంది, 2021లో పద్మశ్రీ అందుకుంది. ఆ బిందె కింద నిలబడిన మనిషిని నువ్వు ఎవరు, ఎప్పుడు తెలిసింది అని ఊళ్లో ఎవరూ అడగరు. దణ్ణం పెడతారు. తెలంగాణ బోనాల్లో శివసత్తులుగా నిలిచే ట్రాన్స్ మహిళలకూ ఆ పూటకు ఆ రక్షణ ఉంది. తంజావూరు కిట్టప్ప పిళ్లై దగ్గర భరతనాట్యం నేర్చుకుని 2019లో పద్మశ్రీ పొందిన నర్తకి నటరాజ్‌కు శాస్త్రీయ సంప్రదాయం అలాంటి ఆసరా ఇచ్చింది. ట్రాన్స్ పురుషుడికి మాత్రం ఇలాంటి పాటా లేదు, ఆటా లేదు, గురువు పరంపరా లేదు. అతను కళను ఆశ్రయించాలంటే మొదటి గీత నుంచి తనే గీసుకోవాలి. వర్క్‌షాపులు నడిపేవాళ్లు అందరినీ ఒకే గాటన కట్టడం వల్ల ఈ ఒంటరితనం లెక్కలోకి రావడం లేదు.

సంప్రదాయం ఇచ్చే ఆసరాను అతిగా పొగడటం కూడా ప్రమాదమే. తెలుగు ప్రేక్షకుడు స్త్రీ పాత్రలో స్థానం నరసింహారావును నెత్తిన పెట్టుకున్నాడు, 1956లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. కూచిపూడిలో మగవాళ్లు వేసే సత్యభామ వేషాన్ని తరాలుగా ఆరాధించాం. ఆ కళాకారులు వేరు, ట్రాన్స్ మహిళలు వేరు. కానీ ఆ చప్పట్లలో ఒక షరతు ఉంది: నాటకం అయ్యాక వేషం తీసేస్తాడన్న భరోసా. వేషం కాదు, ఇదే నేను అన్న మనిషికి అదే సమాజం ఏమిచ్చిందో హైదరాబాద్ చట్టాల పుస్తకం చెబుతుంది. బ్రిటిష్ పాలకులు 1871 నేరస్థ జాతుల చట్టంలో పెట్టిన నిబంధనల బాటలోనే నిజాం రాజ్యంలో 1329 ఫసలీ, అంటే 1919లో ఒక చట్టం వచ్చింది. హిజ్రాలు తమ పేర్లు రిజిస్టరులో నమోదు చేయించుకోవాలి. ఆడవాళ్ల బట్టలు కట్టుకుని వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. వాళ్ల గుర్తింపుతో పాటు వాళ్ల కళ కూడా నేరమే అయింది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో వేసిన పిటిషన్ మీద తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసేదాకా ఆ చట్టం పుస్తకాల్లోనే ఉంది. పాట పాడటం గాయానికి మందని ఇప్పుడు చెప్పేవాళ్లు, పాడినందుకే గాయం చేసిన ఈ నూరేళ్లను మరిచిపోకూడదు.

కళ అందరినీ కాపాడదు. డెన్మార్క్ చిత్రకారిణి లిలీ ఎల్బె పరివర్తనకు ముందు ఐనార్ వెగెనర్ పేరుతో ప్రకృతి దృశ్యాలు గీసి పేరు తెచ్చుకుంది. లిలీ అయ్యాక కుంచె పక్కన పెట్టేసింది. చిత్రలేఖనం ఐనార్ సొత్తనీ, తనది కాదనీ ఆమె అనుకుంది. 1931లో డ్రెస్డెన్‌లో శస్త్రచికిత్స అనంతరం కన్నుమూసింది. కళను మందుగా మాత్రమే చూసేవాళ్లకు ఇది ఇబ్బంది పెట్టే ఉదాహరణ. నాకు మాత్రం ఆమె నిర్ణయం న్యాయంగానే కనిపిస్తుంది. వద్దనుకునే హక్కు లేని చోట చేయడం స్వేచ్ఛ ఎలా అవుతుంది? అమెరికాలో గ్రీర్ లాంక్టన్ 21వ ఏట ఆపరేషన్ చేయించుకుని, జీవితమంతా గుడ్డతో, తీగతో బొమ్మలు కుట్టింది. ఒకసారి చేసిన బొమ్మను విప్పి మళ్లీ కుట్టేది, ఒళ్లు సన్నం చేసేది, ముఖం మార్చేది, ఆడదాన్ని మగవాడిగా, మగవాడిని ఆడదిగా తిరగరాసేది. 1996లో పిట్స్‌బర్గ్‌లోని మ్యాట్రెస్ ఫ్యాక్టరీ మ్యూజియంలో తన ఇంటినే బొమ్మలతో సహా కట్టి ప్రదర్శించింది. ఆ ప్రదర్శన మొదలైన కొద్ది వారాలకే మాదకద్రవ్యాలు మితిమీరి చనిపోయింది. ఆ బొమ్మలు అద్భుతమైనవి, తన కథ మీద ఆమెకున్నంత పట్టు ఎవరికీ లేదు, అయినా సరిపోలేదు. నా వాదనకు ఇది గట్టి దెబ్బే. కథ చేతిలో ఉండటం అవసరం, అదొక్కటే చాలు అనడానికి మాత్రం లేదు. ఆమెను పీడించిన వ్యసనానికి, తిండి తినలేని జబ్బుకు చికిత్స కావాలి. బొమ్మలు కుడుతోంది కదా, కోలుకుంటోందిలే అని చుట్టుపక్కలవాళ్లు అనుకునే ప్రమాదం ఎక్కడైనా ఉంటుంది.

ఇక రాజకీయ అభ్యంతరం. వాంగ్మూలాన్ని ఇంత తక్కువ చేస్తే ఎలా, హక్కులు వచ్చింది దానివల్లే కదా? నిజమే. 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్ వ్యక్తుల గుర్తింపును ఒప్పుకుంటూ సుప్రీంకోర్టు ఇచ్చిన నాల్సా తీర్పులో హక్కుల కార్యకర్త లక్ష్మీ నారాయణ్ త్రిపాఠీ జీవితకథ చోటు చేసుకుంది. ఆమె చెప్పకపోతే న్యాయమూర్తులు అంత దూరం వచ్చేవారు కాకపోవచ్చు. సాక్ష్యం చెప్పవద్దని నేననడం లేదు. సాక్ష్యాన్నీ సాంత్వననూ కలగాపులగం చేయవద్దంటున్నాను. రెంటినీ జాగ్రత్తగా కలిపిన ప్రయత్నంగా నాకు కల్కి సుబ్రమణ్యం నడిపిన రెడ్ వాల్ కనిపిస్తుంది. సహోదరి ఫౌండేషన్ తరఫున ఆమె ట్రాన్స్ వ్యక్తుల దగ్గరికి వెళ్లి, వాళ్లు ఎదుర్కొన్న హింసను కాగితం మీద రాయించి, ఎర్రరంగులో ముంచిన అరచేతిని అద్దించింది. ఆ కాగితంలో అరచేయి ఉంది, ముఖం లేదు. అడిగింది తోటి ట్రాన్స్ మహిళ, టీవీ యాంకరు కాదు. పక్కనే వందల అరచేతులున్నాయి కాబట్టి ఎవరూ ఒంటరి సాక్షి కారు. జనానికి తెలియాల్సింది తెలిసింది, మనిషి చాటు మనిషికి మిగిలింది.

ఆకలితో ఉన్నవాళ్లకు రంగుడబ్బాలెందుకన్న ప్రశ్నే నాకు అన్నిటికంటే బరువుగా తోస్తుంది. 2011 జనగణనలో ఇతరులుగా నమోదైనవాళ్లు 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. వీళ్లలో ఎందరికో సిగ్నళ్ల దగ్గర చేయి చాపడం, రాత్రిపూట పని తప్ప దారి లేదు. దీనికి సరైన జవాబు బెంగళూరులో 2016లో మొదలైన అరవాణీ ఆర్ట్ ప్రాజెక్టు ఇచ్చింది. ట్రాన్స్ మహిళలూ ఇతర స్త్రీలూ కలిసి నగరాల గోడల మీద పెద్ద బొమ్మలు వేస్తారు. గోడకు ప్రైమర్ కొట్టడం, గడులు గీసి నమూనాను పెద్దది చేయడం, పరంజా ఎక్కడం, రంగు నింపడం, ఇదంతా పని, చేతికి డబ్బొచ్చే పని. 2024 వెనిస్ బినాలేలో కూడా వాళ్లు గోడ వేశారు. ఏ వీధిలో పోలీసు తరిమాడో అలాంటి వీధిలోనే పట్టపగలు, పరంజా మీద, రోజులతరబడి నిలబడి పనిచేయడం. దారినపోయేవాళ్లు ఆగి అడిగేది కూడా ఈసారి వేరు: ఈ పక్షి ఏంటమ్మా, ఎన్ని రోజులు పడుతుంది. ఒంటి గురించి కాక పని గురించి అడిగే ప్రశ్న అది.

కానీ గోడలు ఆస్పత్రులకు బదులు కావు. 2019 చట్టమే శస్త్రచికిత్సకు, హార్మోన్లకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ప్రభుత్వం కల్పించాలంటోంది. తాను చూసిన రాష్ట్రాల్లో దాదాపు అన్నిటా లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చెప్పింది. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో తెరిచిన మిత్ర్ క్లినిక్ దేశంలో ట్రాన్స్ వ్యక్తుల కోసం ప్రత్యేకంగా వచ్చిన తొలి క్లినిక్‌గా పేరుపడింది, అక్కడ పనిచేసినవాళ్లలోనూ ట్రాన్స్ వ్యక్తులున్నారు. 2025 మొదట్లో అమెరికా సహాయం ఆగిపోవడంతో కొంతకాలం మూతపడింది. ఇలాంటి చోట ఆర్ట్ వర్క్‌షాపులు చవకగా పడతాయి, ఫొటోలు బాగా వస్తాయి. నిధులిచ్చేవాళ్లకు కౌన్సెలర్ జీతం కంటే అదే సులువు. ఆ సులువును ఒప్పుకోకూడదు. వర్క్‌షాపు పెట్టేవాళ్లు ముందుగా చెప్పాల్సినవి కొన్నున్నాయి: మధ్యలో లేచి వెళ్లిపోవచ్చని, గీసింది ఇంటికి తీసుకెళ్లవచ్చని లేదా చించేయవచ్చని, ప్రదర్శనకు ఒకసారి ఒప్పుకుంటే ప్రతిసారీ ఒప్పుకున్నట్టు కాదని, ఆ రాత్రి మనసు బాగోకపోతే ఫోన్ చేయడానికి ఒక నంబరు ఉందని. రిహార్సల్ రోజులకూ కూలి కట్టివ్వాలి.

తెలుగులో ఇంతవరకూ ట్రాన్స్ వ్యక్తుల గొంతు ఎక్కువగా వినిపించింది అనువాదమైన ఆత్మకథల్లో, టీవీ ఇంటర్వ్యూల్లో. హైదరాబాద్ నుంచి రచన ముద్రబోయిన తదితరులు తెలుగు, కన్నడ, ఉర్దూల్లో నడిపిన ట్రాన్స్ విజన్ యూట్యూబ్ చానల్ ప్రశ్నలు వేసే పనిని తమ చేతిలోకి తీసుకుని దారి చూపింది. సంపాదకులు ఇప్పటికీ ట్రాన్స్ రచయితను అడిగేది నీ కథ రాసివ్వమనే. గోదావరి వరద మీద కథ, వాళ్లమ్మ చేసే పచ్చడి మీద వ్యాసం, డిటెక్టివ్ సీరియల్, పిల్లల గేయం అడిగినవాళ్లు అరుదు. పరివర్తన ప్రస్తావన ఒక్క ముక్కయినా లేని రచనను ట్రాన్స్ రచయిత పేరు చూసి వేసుకునే పత్రిక కావాలి. అలాంటి రచన పంపితే, మీ అనుభవం కూడా కొంచెం కలిపితే బాగుంటుందని తిప్పి పంపకుండా ఉండే సంపాదకుడు కావాలి.